బాడుగలో ఇంటి వాటా

కర్నూలులో మాకొక సొంత ఇల్లుంది. అందులో మేము కాపురం చేసింది ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, అంతే. తర్వాత మా ఆయనకు తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి మేము పులివెందులలో ఒకరింట్లో బాడుగకుంటున్నాం, మా ఇంట్లో ఇంకొకరు బాడుగకుంటున్నారు. ఈ ఏర్పాటు ఎవరికి లాభమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

బాడుగ వచ్చిన రోజే మా ఆయన అందులో కొంత తీసి వేరే ఖాతాలో వేస్తారు. మొదట్లో నేను గొడవపడ్డాను. ఆయన ఆలూరు మనిషి, నిదానంగా ఒకటే మాట అనేవారు. "బాడుగంతా మనది కాదు. దాంట్లో ఇంటి వాటా ఉండాది." ఇల్లేమైనా అన్నం తింటుందా అని ఎగతాళి చేశాను. తింటుందని తొందరగానే తెలిసింది. ఒక ఏడు మోటారు కాలిపోయింది. ఇంకో ఏడు మిద్దె కారి, పైనంతా మళ్ళీ సిమెంటు పూత వేయించాల్సి వచ్చింది. ఆ ఖాతా లేకపోతే నా గాజులు తాకట్టుకు పోయేవే.

ఆయన్ని చూసి నేనూ ఒక ఖాతా పెట్టుకున్నాను, మిద్దె మీద రెండు గదులు కట్టడానికి. ఆయన రిటైరయ్యాక కింది బాడుగతో రోజులు గడుస్తాయి, పైన మేముంటాం. వంటింటి కిటికీ ఎటు పెట్టాలో కూడా అనుకున్నాను. సాయంత్రం గాలి పడమటి నుంచి వస్తుంది అక్కడ. ఆ గాలికి నేనెంత మొహం వాచి ఉన్నానో ఆయనకు చెప్పలేదు, చెప్తే నవ్వుతారు.

మొన్నటి ఎండాకాలం బాడుగకున్నావిడ ఫోన్ చేసింది. "అక్కా, బోరు ఎండిపోయిండాది. ట్యాంకరు నీళ్ళతోనే నెట్టుకొస్తాండాం." ఇంటి వాటాలో ఉన్నది కొత్త బోరుకు సగానికి కూడా సరిపోలేదు. మోటారును, మిద్దెను తలచుకుని దాచిన మనిషికి భూమిలో నీళ్ళే అయిపోతాయని తోచలేదు.

"నీళ్ళు లేని ఇంట్లో ఎవురుంటారు? నీ గదుల దుడ్లు తీయక తప్పదు," అన్నారు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. ఆయనతో మాట్లాడటం మానేశాను. తర్వాత నేనే బ్యాంకుకు పోయి డబ్బు తీసుకొచ్చాను.

బోరు వేసే రోజు ఒక్కదాన్నే కర్నూలు వెళ్ళాను. బోరు లారీ చేసిన మోతకు, లేపిన దుమ్ముకు వీధంతా తలుపులు మూసుకుంది. నేను మాత్రం అక్కడే నిలబడి, నా గదులు ఆ గుంతలోకి దిగిపోతుంటే చూస్తూ ఉండిపోయాను. నీళ్ళు పడగానే ఆవిడ పిల్లలు కేకలు పెడుతూ ఆ బురదనీళ్ళ కిందికి దూరారు. నాకు సంతోషమే అయింది, అబద్ధమెందుకు. ఏడుపు కూడా వచ్చింది.

సాయంత్రం బస్సుకని లేచాను. "ఉండండక్కా, ఉత్త చేతుల్తో పోతారా?" అని ఆవిడ నన్ను హాల్లో కుర్చీలో కూర్చోబెట్టింది. నుదుట కుంకుమ పెట్టి, ఆకు వక్క, రవికె గుడ్డ చేతికిచ్చింది. ఇంటికొచ్చిన ముత్తైదువను అలాగే కదా పంపుతాం, ఆవిడ తప్పేమీ లేదు. కాని ఆ హాల్లో బొట్టు పెట్టి పంపే ఇల్లాలిని ఒకప్పుడు నేను. ఇప్పుడు చుట్టాన్ని.

"మళ్ళా రాండక్కా," అంది గేటు దాకా వచ్చి.

వస్తానమ్మా అన్నాను. ఎప్పుడని ఆవిడ అడిగితే బాగుండుననిపించింది. అడగలేదు. గేటు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.