మక్తల్‌లో తడిసిన బొంత

మొన్న ముసురు పట్టిన వారం నల్లగొండలో మనుమరాలి ఇంట్లో ఉన్నాను. ఒక పొద్దున ముఖం కడుక్కొని వచ్చి, పక్క మడత పెడదామని దుప్పటి మీద చేయి వేస్తే తడి తగిలింది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషిని, మోకాళ్ళు వంగని మనిషిని, ఎవరూ చూడకముందే ఆ దుప్పటిని చుట్టి చంకన పెట్టుకొని స్నానాల గదిలోకి పోయి గడియ వేసుకున్నాను. బకెట్ ముందు కూలబడి పిసుకుతుంటే చెవులు రెండూ వేడెక్కాయి, ముసలితనం చివరికి నన్ను ఇంతకు తెచ్చిందా అనుకున్నాను. ఎంతకూ బయటికి రాకపోయేసరికి మనుమరాలు తలుపు కొట్టింది. సంగతి తెలిసి పడీపడీ నవ్వింది.

"నువ్వు గాదు అవ్వా, మా పిల్లి. దాని ఇసుక డబ్బా జాగా మార్చిన గదా, దానికి నచ్చలే. నిన్న నా దిండు మీద గూడ పోసింది."

ఆమె నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ తడి దుప్పటి చేతికి తగిలిన క్షణాన నేను ఆమె ఇంట్లో లేను, మక్తల్‌లో మా మేనత్త ఇంట్లో, తొమ్మిది పదేళ్ళ పిల్లగా, గోడకు ఆనుకొని తల వంచుకొని నిలబడి ఉన్నాను. మొదటినుంచీ విడమరిచి చెప్తే తప్ప ఇది ఎవరికీ అర్థం కాదు, అందుకే ఇన్నాళ్ళకు చెప్తున్నాను.

మాది మక్తల్‌కు ఎడ్లబండి దారిలో ఉన్న, జొన్నలు పండే చిన్న పల్లె. మా ఊళ్ళో అప్పుడు బడి లేదు, ఒక పెద్దాయన తన అరుగు మీద మగపిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు, నేను మేకలను కట్టేసి వచ్చి దూరం నుంచి చూసి, ఇంటికొచ్చి బొగ్గుతో గోడ మీద గీసేదాన్ని. ఒక ఎండాకాలం మా మేనత్త, అంటే మా బాపుకు అక్క, మా ఇంటికి వచ్చి ఆ గోడ చూసింది. ఆమెకు ఆడపిల్లలు లేరు. తమ్మీ, ఈ పిల్లను నా ఎంట తోలు, బడికేస్త అని బాపును అడిగింది. బాపు చాలాసేపు చుట్ట కాల్చి, అత్తకు ఏ ఇబ్బందీ కాకుంటే అయిదో తరగతి దాకా చదువుకో, ఇబ్బంది అయిందంటే మాత్రం తిరిగొచ్చి తమ్ముణ్ణి ఎత్తుకో అన్నాడు. మా అమ్మ తన పాత చీరలు నాలుగు కలిపి రాత్రీపగలూ కుట్టి నాకొక బొంత ఇచ్చింది. అమ్మ వాసన వచ్చే ఆ బొంత ఒక్కటే నా సామాను.

అత్త నన్ను ఎంత ప్రేమగా పిలుచుకుపోయిందో చెప్పకపోతే పాపం తగులుతుంది. మామ ఊరూరా తిరిగి ఆముదాలు, పల్లికాయ కొని అమ్మేవాడు, ఇల్లంతా బస్తాలే, కాలు పెట్టే జాగా ఉండేది కాదు. నాకోసమని అత్త వెనక గదిని ఖాళీ చేయించింది. ఆ గదిలో ఎప్పటిదో పాత నీళ్ళ పొయ్యి ఉండేదట, దాని పక్కన మోకాలెత్తు బూడిద కుప్ప పడి ఉండేదట. పొయ్యి కూలగొట్టించి, బూడిదంతా ఎత్తి చేనుకు పంపించి, ఎర్రమన్ను పెట్టి అలికి, ఇది నా కోడలి అర్ర అని నన్ను చేయి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది. చదువుకునే పిల్లకు సొంత అర్ర. మా ఊరు మొత్తంలో అట్లాంటిది ఎవరికీ లేదు.

ఆ ఇంట్లో ఒక పిల్లి ఉండేది. బూడిదరంగుది, ఒక చెవి చిరిగినది. ఆముదాల బస్తాలను ఎలుకలు కొరకకుండా ఉండాలంటే పిల్లి ఉండాలి, అది లేకుండా ఆ వ్యాపారం సాగదు. అయితే మామ పొద్దున్నే బేరానికి బయలుదేరేటప్పుడు మాత్రం పిల్లి ఎదురు రాకూడదు. ఒకసారి అది బండికి అడ్డం పోయిందని మామ వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కొని, మంచినీళ్ళు తాగి, అరుగు మీద ఎంతోసేపు కూర్చున్నాడని, ఆ రోజు సరుకంతా వేరేవాళ్ళు కొనుక్కుపోయారని చెప్పుకునేవాళ్ళు. అప్పటినుంచి మామ బయలుదేరేముందు అత్త పిల్లిని పట్టి వెనక గదిలో వేసి గొళ్ళెం పెట్టేది. మామ బండి సందు మలుపు తిరిగినాకనే గొళ్ళెం తీసేది. నేను వచ్చినాక ఈ పద్ధతికి ఇంకొకటి తోడైంది. నిండు బిందెతో ఆడపిల్ల ఎదురొస్తే మంచి శకునం కదా, అందుకని నన్ను తెల్లవారకముందే లేపి, బిందె చంకన పెట్టి బాయికి పంపేవాళ్ళు, మామ బండి కదిలే వేళకు నేను నీళ్ళతో ఎదురు రావాలి. కళ్ళు నులుముకుంటూ, బొంత చుట్టే తీరిక కూడా లేక, పరిచింది పరిచినట్టే వదిలి పరుగెత్తేదాన్ని. మంచి శకునానికి నేను బయట, చెడ్డ శకునానికి పిల్లి లోపల.

తిరిగి వచ్చి బొంత చుట్టబోతే తడి.

మొదటిసారి అత్త నవ్వింది. కొత్త జాగా, బుగులు పడ్డది పోరి అన్నది. రెండోసారీ నవ్వింది. తర్వాత నువ్వులూ బెల్లమూ దంచి ముద్దలు చేసి రోజుకొకటి తినిపించింది, దీపం పెట్టినాక నీళ్ళు ఇవ్వడం మానేసింది, దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి మెడలో కట్టింది. మామ ఇంట్లోనే ఉన్న రోజుల్లో నా బొంత పొడిగా ఉండేది. అందరూ అది గమనించారు కూడా, కానీ చూడండి గమనించిన తీరు. మామ ఇంట్ల ఉంటే బయానికి ఆపుకుంటది, లేకుంటె బద్దకం అన్నారు. ఆ మాట నేను కూడా నమ్మాను. లేచినప్పుడు నా లంగా పొడిగా ఉండేది, ఆ సంగతి నాకు తెలుసు, అయినా పెద్దవాళ్ళంతా ఒక్క మాట మీద ఉంటే పిల్లకు తన ఒంటి మీదనే అనుమానం వస్తుంది. లంగా పక్కకు జరిగిందేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. పిల్లి ఉచ్చ కంపు ఇల్లు లేపుతుంది కదా, ఎట్లా పోల్చుకోలేదని మీరు అడగవచ్చు. అత్త నశ్యం పీలుస్తుంది, ఆమెకు ఏ వాసనా తెలియదు. మాకేమో ఆముదాల బస్తాల వాసనలో తతిమ్మావన్నీ ఒక్కటే.

ఇంటి వెనక నీడ, ఎండ ముందరి గోడ మీదనే పడేది. అందుకని బొంతను ఉత్త నీళ్ళలో జాడించి, వీధి వైపు గోడ మీద ఆరేసేది అత్త. మా బడిపిల్లలందరూ ఆ వీధిలోంచే పోవాలి. నేను బడిలో బాగా చదివేదాన్ని, ఒత్తులు కూడా తప్పులేకుండా రాసేదాన్ని, సారు నా పలకను తీసి అందరికీ చూపించేవాడు. అయినా నేను గడప తొక్కగానే వెనక వరుసలోంచి, "తడిబొంతొచ్చె, జరుగుండ్రే, సాప తడుస్తది" అని ఎవరో ఒకరు అనేవారు. చాప మీద నా చుట్టూ ఖాళీ ఉండేది. సారుకు వినబడిందో లేదో తెలియదు. నేను పలకను ముఖానికి అడ్డం పెట్టుకొని కూర్చునేదాన్ని, అక్షరాలు కళ్ళకు ఎంత దగ్గరైతే అంత మసకగా కనబడేవి.

చివరికి ఒక ఉపాయం చేశాను. బొంతను మడిచి మూలకు పెట్టి, ఉత్త నేల మీద పడుకున్నాను. పొద్దున బిందెతో వచ్చి చూస్తే నేల పొడిగానే ఉంది, మడిచిన బొంత తడిసి ఉంది. ఇప్పుడైనా తెలుస్తుందని నేను ఆశగా అత్త ముఖం చూశాను. అత్త ముఖం అంత కఠినంగా మారడం అదే మొదటిసారి.

"పక్కల పోసి, మడిచి మూలకు దాస్తున్నవా? రోగమనుకున్న ఇన్నొద్దులు. దొంగతనం గూడ నేర్చినవా బిడ్డా?"

నేను కాదు అనే మాట నాకు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. ఆముదాలు చేతికొచ్చే రోజులవి, మామ బండి మా ఊరి దిక్కే పోతూ ఉంది, నన్ను అందులో ఎక్కించారు. బొంత అప్పటికి గోడ మీద తడిగా ఉండడంతో అది అక్కడనే ఉండిపోయింది. దారిలో మామ పుట్నాలు కొనిచ్చాడు, మంచివాడే, ఒక్క మాట కూడా అనలేదు. నేను ఆ పొట్లం విప్పలేదు. ఇంటి దగ్గర బాపు నన్ను దించుకొని, తమ్ముణ్ణి తెచ్చి నా చంకన పెట్టాడు, అంతే.

ఇంటికొచ్చినాక ఒక్కరోజు కూడా నా పక్క తడవలేదు. ఇంటిగాలి మంచిది అన్నది అమ్మ.

కొన్ని వారాలకు అత్త వచ్చింది, ఉతికిన నా బొంతను చంకన పెట్టుకొని. నేను జొన్నల గుమ్మి వెనక నక్కి విన్నాను. పొయ్యి దగ్గర అమ్మ పక్కన కూర్చొని, నవ్వు ఆపుకోలేక చెప్తున్నది.

"మరదలా, అది పిల్లి పని. మనం ఉత్తగ పిల్లను అంటిమి. పిల్ల లేని అర్రల బొంత తడిస్తె నాకు బుగులైంది. ఒకనాడు తలుపు సందుల నుంచి చూసిన. మీ అన్న బండి పొయ్యేదాక దాన్ని అండ్ల మూస్తి గదా, మునుపు బూడిదల పోతుండె. బూడిద నేనే తీపిస్తి. ఇంగ యాడ పోతది? పగిలిన బానల ఇంత బూడిద పోసి మూలకు పెట్టిన, గంతే, ఇప్పుడు దాన్లనే పోతాంది."

అమ్మ కూడా నవ్వింది. ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. పిల్లను పంపు మరదలా, బడి పోతాంది అన్నది అత్త. అప్పుడు నేను బయటికి వచ్చి, నా జన్మలో పెద్దవాళ్ళను అడిగిన ఒకే ఒక్క మాట అడిగాను.

"బడిల అందరికి చెప్తవా అత్తా, నేను గాదని?"

"ఓసి నీ పాడుగాను, పిల్లి ఉచ్చ ముచ్చట ఎవడన్న బడిల చెప్తడానే? నువ్వు నడువు, వాల్లే మర్సిపోతరు."

వాళ్ళు మరిచిపోరని నాకు తెలుసు. గుంజను రెండు చేతులా పట్టుకున్నాను. అత్త బతిమాలింది, అమ్మ వీపు మీద ఒకటి వేసింది, నేను వేళ్ళు విడవలేదు. సరే, వచ్చే ఏడు పంపుదాం తియ్యి అన్నాడు బాపు. వచ్చే ఏటికి తమ్ముడి తర్వాత చెల్లె వచ్చింది, మేకలు ఈనాయి, ఆ పైన నాకు పెళ్ళే అయింది. నా చదువు ఒత్తుల దగ్గర ఆగిపోయింది.

అత్తగారింట్లో, తర్వాత నా సొంత ఇంట్లో, ఎన్ని పిల్లులను సాకానో లెక్కలేదు. దేన్నీ గదిలో వేసి గొళ్ళెం పెట్టలేదు, మూలకు బూడిద లేని ఇల్లు నాది కాదు. గడప చెక్క గీకితే దాని పక్కనే ఒక గోనెసంచి బిగించి కట్టేదాన్ని, దాని మీద గీకేది. ఉట్టికి ఎగిరితే కొట్టేదాన్ని కాదు, ఉట్టినే ఇంకాస్త పైకి కట్టేదాన్ని. ఒకసారి పోసిన చోట వాసన ఉంటే మళ్ళీ అక్కడికే వస్తుందని తెలిసి పుల్లమజ్జిగ పోసి కడిగేదాన్ని. పిల్లి పగబడుతుందంటారు, నేను నమ్మను, దానికి కావలసింది దొరకనప్పుడు దొరికిన చోట కానిచ్చుకుంటుంది, అంతే. నా పిల్లలు చిన్నప్పుడు నిజంగానే పక్క తడిపేవాళ్ళు. వాళ్ళ బొంతలను పెరట్లో, చీర కింద దాచి ఆరేశాను. ఎవరి బొంత అని ఇంట్లో ఎవరూ అడగకూడదని కట్టడి చేశాను.

అత్త పోయేదాకా ఆ ముచ్చటను ప్రతి పెండ్లిలో చెప్పేది. మా కోడలి చదువును పిల్లి తిన్నది అనేది, విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళంతా పొలమారేటట్టు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే నా చెవులు కాలేవి. చేయని దానికి సిగ్గుపడ్డాను, తప్పు నాది కాదని తేలినాక కూడా సిగ్గుపడ్డాను, అంత సిగ్గుపడి చదువు వదులుకున్నందుకు ఇప్పుడు మళ్ళీ సిగ్గుపడుతున్నాను. అత్తను ఏమీ అనను. ఆ కాలంలో ఎవరికీ తీరిక లేదు, పిల్లీ పిల్లా ఒక్క గడపలోనే కాళ్ళకు అడ్డం పడుతూ పెరిగాయి, ఎవరికి ఏం కావాలో ఎవరూ ఆగి అడగలేదు. ఇప్పుడు మనుమరాలు డబ్బాను తిరిగి పాత జాగాలో పెట్టి, పిల్లి ముందు చతికిలబడి కూర్చొని, ఇప్పుడు మంచిగుందా అని దాన్ని అడుగుతున్నది.

ఆమె బిడ్డకు ఎనిమిదేళ్ళు. గ్లాసు పగిలినా, గోడ మీద గీతలు పడ్డా, ఆ పిల్ల మీదికి ఎవరైనా మాట తోశారో, నేను కాదు అని ఇల్లెగిరిపోయేటట్టు అరుస్తుంది. పెద్దంతరం చిన్నంతరం లేదని దాని నాయిన కసురుతాడు. నేను మాత్రం మంచం మీద కూర్చొని వింటాను. చెవులు సరిగ్గా వినబడని ఈ వయసులో కూడా ఆ ఒక్క కేక నాకు స్పష్టంగా వినబడుతుంది, ఇంకాసేపు అరవనీయండి అని అడగాలనిపిస్తుంది.