అమ్మ పక్కన ఖాళీ జాగా

పలాసలో ఫొటోలు తీసి తీసి నా మెడ ఒక పక్కకి వాలిపోయింది. ఆ వాలు వల్లే నా ఫొటోల్లో సముద్రం గీత కూడా వంగుతుందనీ, ఓసారి నీళ్ళు ఫ్రేములోంచి ఒలికి స్టూడియో గడప దాటాయనీ చెప్తుంటాను. నమ్మేవాళ్ళున్నారు. ఈమధ్య మాత్రం అబద్ధమాడడానిక్కూడా ఓపిక తెచ్చుకోవాల్సి వస్తోంది.

అలా ఒళ్ళు బరువుగా ఉన్న ఒక సాయంత్రం భావనపాడు దగ్గర ఒక ముసలమ్మ ఇంటికి వెళ్ళాను. కిడ్నీ జబ్బు మనిషి, టెక్కలి వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటోంది. ఇద్దరు కొడుకులతో ఒకే ఫొటోలో ఉండాలని ఆమె కోరిక. చిన్నవాడేమో గుజరాత్‌లో చేపల పడవల మీదున్నాడు. లేని మనిషిని తెచ్చి అతికించడం మా స్టూడియోల్లో మామూలే కాబట్టి సరేనన్నాను.

బోర్లించిన పడవ ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పెద్దకొడుకూ కోడలూ ఒక పక్కన నిలబడ్డారు. రెండో పక్క ఖాళీ. సూదులు గుచ్చి గుచ్చి బుడిపెలు కట్టిన చేతిని ఆ ఖాళీలో, గాల్లో నిలబెట్టింది.

"చెయ్యి దించండమ్మా" అన్నాను.

"దించితే ఎలాగ బాబూ? ఆడు నా పక్కని గొంతుక్కూకుంటే భుజం ఇక్కడికే వత్తాది."

"ఇంకాసింత ఎత్తత్తా, గుజరాత్ తిండికి బలిసుంతాడు" అంది కోడలు.

"నీ మొగుడినాగ ఆడికి తిండి యావేటి? నువ్వూరుకో."

ఒక పక్క ఇద్దరు మనుషులు, ఒక పక్క గాలి. తూకం లేని ఫొటో నా కంటికి నప్పదు. ఆ జాగాలో వల కుప్ప పెడదామా అని అడిగాను.

"వలని కన్నానేటి నాను?"

ఆ చెయ్యి దిగిపోయేలోగా గబగబా నొక్కేశాను.

అక్కడి నుంచే చిన్నవాడికి ఫోన్ చేశాం. "తమ్ముడూ, ఎండ నీ కుడి చెంప మీద పడేలా గొంతుక్కూర్చో. అమ్మ వైపు చూడు" అన్నాను. తోటివాడెవరో తీసిన ఫొటో పంపించాడు. వాళ్ళ పడవ వేటకి కదిలింది, ఫోన్ అందకుండా పోయింది.

స్టూడియోలో అతికించి చూస్తే ఎండ కుదిరింది, భుజం సరిగ్గా తల్లి అరచేతి కిందికి వచ్చింది. చూపు మాత్రం ఫ్రేము బయటికి పోతోంది. మనిషి చూపు ఫొటో లోపలికి రావాలి, దాని ముందు కాస్త జాగా ఉండాలి. నేను మొట్టమొదట నేర్చుకున్న పాఠం అది. కుర్రాణ్ణి తిట్టుకున్నాక వెలిగింది. సముద్రం మీద దిక్కులు తెలిసినవాడు. అమ్మ వైపు చూడమంటే తూర్పుకి, అమ్మ ఉన్న ఈ ఉద్దానం దిక్కుకి చూశాడు.

టెక్కలి ఆసుపత్రి నుంచి తిన్నగా పెద్దకొడుకు ఆమెని స్టూడియోకి తీసుకొచ్చాడు. తెర మీద చూడగానే ఆమె మొహం చిన్నబోయింది.

"ఆడేటి, నాకేసి సూడ్డు?"

"మీ వైపే చూశాడమ్మా, తూర్పుకి."

"ఆ సంగతి ఫొటోకి తెలుత్తాదేటి బాబూ?"

వాడి బొమ్మ ఒక్కదాన్నీ అద్దంలోలా తిప్పేస్తే కొడుకు తల్లి వైపు చూస్తాడు గానీ, ఎండ రెండో పక్క నుంచి కొడుతుందని, వెలుగు పొసగదని చెప్పాను.

"తిప్పీ బాబూ. ఎండని సూసీవోడెవుడు? ఆడొచ్చీ దాకా నానుంతానో నేదో."

తిప్పేశాను. తల్లి నీడ కొడుకు వైపు సాగింది, కొడుకు నీడ తల్లి వైపు సాగింది. నేను నేర్చుకున్న చదువు ప్రకారం అది తప్పు. ఆమె మాత్రం ఆ తెర ముందు నుంచి లేవలేదు. బస్సు పోతుందని కొడుకు చెప్తున్నా లేవలేదు.

టెక్కలి వెళ్ళినప్పుడు నాలాంటి ఫొటోగ్రాఫర్ ఒకాయన నా ఫోన్లో ఆ ఫొటో చూసి పకపకా నవ్వాడు. "ఏటి బావా, మీ కాడ ఇద్దరు సూరీళ్ళేటి?"

"ఆ రోజు ఇద్దరే బావా. ఒకడు మనోడు, ఒకడు గుజరాతోడు. ముసలమ్మని సూడ్డానికొచ్చాడు" అన్నాను. ఇంకా అల్లేవాణ్ణే గానీ, ఓపిక లేక బస్సెక్కేశాను.