పన్నెండంటే ఎంత

మా బావకు అప్పటికి ఒక్క కన్నే మిగిలింది. గనిలో క్రషర్ దగ్గర ఎగిరొచ్చిన ఇనుపరాయి పెచ్చు ఒకటి ఎడమకన్నును తీసేసింది. రెండోదాన్ని జాగ్రత్తగా చూసుకోమని డాక్టరు చెప్పిన మాట బావ విన్నాడో లేదో కానీ, మా అక్క మాత్రం గట్టిగా పట్టుకుంది. ఉల్లిపాయలు కూడా ఆయనకు దూరంగా కూర్చుని తరిగేది.

దెబ్బ తగిలాక బావను ఫిట్టరుగా పనిచేస్తున్న కంప్రెసర్ హౌసు నుంచి తప్పించి, హాజరు బిళ్లలిచ్చే టోకెన్ రూములో కుర్చీ ఇచ్చారు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. ఇంటికొస్తే మాట్లాడడు, అన్నం సగంలో వదిలేస్తాడు. "ఏదో ఒక పని పెట్టరా ఆయనకు, నాకు బుగులైతాంది" అని అక్క నన్ను పట్టుకుంది. నేను అదే గనిలో డంపర్ల టైర్ల షాపులో పనిచేసేవాణ్ణి. వాళ్ల క్వార్టరుకు రెండు వీధుల అవతలే ఉండేవాణ్ణి.

పని ఆయనే వెతుక్కున్నాడు. మా వైపు సంతల్లో ఆకు దొప్పలో లందా పోస్తారు, బియ్యం పులియబెట్టి చేసే బీరు. అది ఇంట్లోనే తయారుచేసి, పలచగా వడకట్టి, ఫ్రిజ్ తలుపుకున్న కొళాయి తిప్పితే చల్లగా నురగతో రావాలట. హోటళ్లలోలాగ! నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ వారమే విశాఖపట్నం ప్యాసింజరెక్కి వెళ్లి, మూతపడ్డ కూల్‌డ్రింకుల కొట్టు నుంచి పొడుగాటి స్టీలు డబ్బా ఒకటి గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. సోడాలమ్మే ఆయన దగ్గర గ్యాసు బండ అడిగి తెచ్చాం. బండకు బిగించే రెగ్యులేటరు బావ పాత సెక్షన్‌లో తుక్కులో పడేసినది. డబ్బా మూత మీద, గ్యాసు ఎక్కువైతే తనంతట తానే వదిలేసే చిన్న వాల్వు ఉండేది. అది కొంచెం లీకవుతోందని బావ దాన్ని పీకేసి బోల్టు బిగించాడు. ఫిట్టర్లకు లీకేజీ అంటే పడదు మరి.

బావ మళ్లీ మాట్లాడుతున్నాడని అక్క మురిసిపోయింది. నాకూ సంతోషమే.

ఆ ఆదివారం మధ్యాహ్నం డబ్బాలో లందా నింపి మూత వేశాం. ఇంట్లో లందా చేసే సంగతి కాలనీలో తెలియకూడదని వంటింటి తలుపూ కిటికీలూ మూసే ఉన్నాయి. ఫ్రిజ్‌ను వరండాలోకి లాగి నేను తలుపుకు చిల్లు పెడుతున్నాను. లోపల డబ్బా దగ్గర బావ, పొయ్యి దగ్గర అక్క.

"గ్యాసు ఎంత పెట్టాలె, బామ్మర్దీ?" అని లోపలి నుంచి అరిచాడు.

"పన్నెండు" అన్నాను డ్రిల్లు ఆపకుండానే.

ఇక్కడే వచ్చింది తంటా. మా టైర్ల షాపులో గాలిని పౌండ్లలో కొలుస్తాం. పౌండ్లని నోటితో ఎవరూ అనరు, తొంభై కొట్టు అంటే తొంభై పౌండ్లే. కంప్రెసర్ హౌసులో లెక్క కేజీలు. వాళ్లూ కేజీ అని అనరు. ఒక్క కేజీ అంటే మా పౌండ్లలో పద్నాలుగు. తప్పెవరిదని మేమిద్దరం ఆ తర్వాత చాలాకాలం పోట్లాడుకున్నాం. నా లెక్కే సరైనదని ఇప్పటికీ నా వాదన.

"అయింది, పన్నెండు!" అని వినపడింది. ఆ వెంటనే టప్‌మని రేకు ఉబ్బిన చప్పుడు. డ్రిల్లు పడేసి లోపలికి పరిగెత్తాను.

రెగ్యులేటరు గేజీలో ముల్లు పన్నెండు మీద ఉంది, కింద కేజీ అని రాసి ఉంది. డంపర్ చక్రంలో కొట్టే గాలి కన్నా ఎక్కువ. బావ మూత చుట్టూ సబ్బునురగ పూసి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని వంగి చూస్తున్నాడు. మూతకూ ఆయన మంచి కన్నుకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. నేను ఆయన ఎడమవైపు నుంచి వచ్చాను కాబట్టి నన్ను చూడలేదు.

"బావా, మొకం తిప్పు."

"ఆగు, ఇగో ఈడ బుడగ లేస్తాంది."

"కేజీలు బావా! అది పగుల్తది!"

"ఏందీ?" అన్నాడు కానీ తల ఎత్తలేదు. చెయ్యి పట్టి లాగుదామంటే ఆయన మోచేయి డబ్బాకు ఆనుకుని ఉంది. కదిలిస్తే ఏమవుతుందోనని భయం. అక్కకు కేజీలూ పౌండ్లూ తెలియవు. నా ముఖం చూసింది, అంతే. వెనక నుంచి వచ్చి రెండు అరచేతులతో ఆయన కన్ను మూసి, తలను తన కడుపుకేసి అదుముకుని వెనక్కి లాగింది. తన ముఖం మాత్రం డబ్బా వైపే ఉంది.

నేను బండ వాల్వు కట్టేశాను. కట్టేసినా లోపలున్నది లోపలే ఉంటుంది. రెగ్యులేటరు దగ్గర పైపు నట్టును స్పానరుతో వెంట్రుకవాసి తిప్పాను. బుస్సుమంది. ఇంకొంచెం తిప్పాను. గ్యాసు తర్వాత నురగ వచ్చింది, గోడంతా, నా ఒళ్లంతా లందానే. చాలాసేపు బుసకొట్టి ఆగిపోయింది.

"అయిపోయింది, అక్కా. చేతులు తియ్యి" అన్నాను.

తీయలేదు.

"తియ్యవే, ఊపిరాడుత లేదు" అన్నాడు బావ.

"తియ్య. తీసినంక నీకు చీకటుంటే నేనేం జెయ్యాలె?" అంది అక్క. "రోజూ నీకన్నా ముందుగాల్ల లేస్త. టీ కోసం అనుకుంటున్నవా? నువ్వు కన్ను తెరిచి నన్ను జూసి పేరు వెట్టి పిలిచేదాక నా పానం నా దగ్గరుండదు."

ఆ సంగతి బావకు తెలియదు. నాకూ తెలియదు. బావ ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, చేతులు దించి, వెనక్కి తిరిగి ఆమె ముఖంలోకి చూశాడు. చూసి, పేరు పెట్టి పిలిచాడు.