వసంత ఆంటీ చిరునామా

ఈ ఉదయం ఓ కస్టమర్ మంచులో తడిసిన ఉన్ని కోటుతో నా దుకాణంలోకి వచ్చింది. ఆ తడి ఉన్ని వాసనకి కుట్టు మిషన్ మీద నా చేతులు ఆగిపోయాయి. వసంత ఆంటీ గుర్తొచ్చింది.

అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో బ్లౌజులు కుట్టే వ్యాపారాన్ని కంపెనీగా రిజిస్టర్ చేసేటప్పుడు, కోర్టు నోటీసులూ ప్రభుత్వ ఉత్తరాలూ అందుకోవడానికి పగటివేళ దొరికే మనిషి పేరు, ఆ రాష్ట్రంలోనే ఉన్న చిరునామా ఇవ్వాలన్నారు. ఆ మనిషిని రిజిస్టర్డ్ ఏజెంట్ అంటారట. నాకింకా దుకాణం దొరకలేదు, అద్దె ఇల్లు మారబోతున్నాను. పక్కింటి వసంత ఆంటీ, స్కూల్ లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి, "నా పేరు పెట్టెయ్ లలితా. పగలంతా ఇంట్లోనేగా ఉండేది" అంది. మాటవరసకి అందనుకున్నాను. స్నేహితురాళ్లు వారం మధ్యలో ఎక్కడికి పిలిచినా "డ్యూటీలో ఉన్నాను" అని మానేసేదని తర్వాతెప్పుడో తెలిసింది.

దుకాణం తెరిచాక ఒక చలికాలం, దాని పేరు తమదేనంటూ వేరే బొటిక్ వాళ్లు నా కంపెనీ మీద కేసు వేశారు. కాగితాలు ఆంటీకి అందాయి. "పెళ్లి ఆర్డర్లున్నాయి ఆంటీ, శనివారం వచ్చి తీసుకుంటా" అన్నాను ఫోన్‌లో. కాసేపటికి ఆవిడే మంచులో డ్రైవ్ చేసుకుంటూ దుకాణానికి వచ్చేసింది. తడిసిన ఉన్ని కోటైనా విప్పలేదు.

"నువ్వు జవాబివ్వకపోతే నీ మాట వినకుండానే తీర్పిచ్చేస్తారు. ముందు మిషన్ ఆపు. లాయర్‌కి కాల్ చెయ్."

చేశాను. గడువులోపే జవాబు వెళ్లింది. దుకాణం పేరు నాకే మిగిలింది.

ఆంటీ వాళ్లాయన పోయాక కూతురు ఆవిడను డాలస్ తీసుకెళ్లింది. "నేను స్టేట్ దాటితే నా పేరు పనికిరాదు, వెంటనే మార్చెయ్" అని వెళ్తూ వెళ్తూ చెప్పింది. ఆన్‌లైన్‌లో కాస్సేపటి పని. అయినా ఆవిడ పేరు తీసేయడానికి చేయి రాలేదు. అప్పటికే ఆవిడ ఉన్న ఇంటి కిటికీలకు ఎవరివో కొత్త కర్టెన్లు. వారాలు గడిచాక ఆవిడే ఫోన్ చేసింది.

"ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరో ఉన్నారు. నోటీసొస్తే నీకెవరు తెచ్చిస్తారు? నా మీద ప్రేముంటే మార్చు తల్లీ."

ఆ రోజే మార్చి, ఫోన్ చేశాను.

"అయిపోయింది ఆంటీ. ఇప్పుడు నా పేరు, దుకాణం అడ్రస్."

"మంచి పని చేశావ్" అంది. "ఇక నాకు ఫోన్ చేయడానికి నీకేం పనుంటుందిలే."

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఏ పనీ లేకుండానే ఫోన్ చేశాను. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నమైతే ఫోన్ చేతిలోకి తీసుకుంటాను. చెప్పాల్సిన కబుర్లు బోలెడుంటాయి. అందుకునే మనిషే లేదు.