అందించని పేరు

మా నాటక బృందంలో తెలుగువాళ్లు, బెంగాలీలు, నాలాంటి ఒడియావాళ్లు కలిసి తెలుగు నాటకాలు ఆడతాం. ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసే ఒకాయన మాకు ప్రాంప్టర్. సైడ్ వింగ్‌లో నిలబడి మా డైలాగులన్నీ మాకంటే ముందే పెదాలతో పలికేవాడు. స్టేజీ ఎక్కేముందు నా భుజం తట్టి, "గాబరా పడకు బావ, నానున్నాను కదా" అనేవాడు. నాకు తెలుగు నోరు తిరిగిందే ఆయన వల్ల. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు దిగి వెళితే, వల కుడుతూనే ఒక్కో మాటా పదిసార్లు పలికించేవాడు.

కిందటేడు మా కాలనీవాళ్లు బృందానికి సన్మానం చేశారు. నాకు ఉత్తమ వాచికం బహుమతి. కృతజ్ఞతలు చెప్పమని మైకు ఇస్తే, అలవాటుగా సైడ్ వింగ్ వైపు చూశాను. ఆయన అక్కడే ఉన్నాడు.

"మేకప్పోళ్ల పేరు సెప్పు" అని అందించాడు. చెప్పాను.

"లైట్లోళ్లు... మీ ఆవిడ..." చెప్పాను.

"సూసినోళ్లందరికీ దండం." పెట్టాను.

తన పేరు ఆయన అందించలేదు. అందించనిది నేను చెప్పలేదు.

దిగాక, జారిన నా శాలువా ఆయన సర్దుతుంటే అప్పుడు వెలిగింది నాకు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం మురిసిపోతున్నాడు.

"ఒక్కటీ మర్సిపోనేదు బావ!"