లాన్ పెట్టిన ఒత్తు

నిన్న దోహాలోని నజ్మా పేటలో ఒక తెలుగు హోటల్లో, పెనం మీద దోసె చుయ్‌మన్న చప్పుడు మధ్య, ఒక తండ్రి కూతుర్ని కసరడం వినిపించింది. "బారతం కాదే, భారతం. నీ నాలుక ఎన్నడు తిరుగుతదే?" నాకు లాన్ గుర్తుకొచ్చింది.

లాన్ వియత్నాం మనిషి. దోహాలో మా సైటుకు సేఫ్టీ ఆఫీసరు. నేను ఆమె సహాయకుణ్ణి. పని చైనా కంపెనీ చేతికి వచ్చాక, ప్రమాద హెచ్చరిక వాళ్ల భాషలోనూ చెప్పమన్నారు. పరుగెత్తమనడానికి వాళ్ల మాట 'ఫావ్'. ఫ్యానులో ఫ కాదు, 'ప'కు ఊపిరి ఒత్తు. ఒత్తు పోతే 'కడుపు నిండింది' అని అర్థం. లాన్ మాతృభాషలో ఆ ఒత్తు 'ప' లేదు. మొదటి డ్రిల్లులో ఆమె మైకులో అరిస్తే చైనా పనివాళ్లు కదల్లేదు. పొట్టలు నిమురుకుంటూ నవ్వారు. మేనేజరు నవ్వలేదు. "నెల చూస్తాను. మళ్లీ ఇలాగే అయితే నీ చోట వేరే మనిషి వస్తాడు. మీవాళ్ల నాలుకకు ఇది రాదు" అన్నాడు.

ఆ నెలంతా లంచ్ టైములో ఆమె పెదవుల ముందు టిష్యూ పేలిక వేలాడేది. మేం మాట్లాడుకునేది సైటు ఇంగ్లీషు, హిందీ కలగలిపి. "మా భాషలో 'థ' ఉంది. ఆ ఊపిరే 'ప'లోకి తేవాలి" అంది. థ, ప, థ, ప. 'థ'కు ఊపిరి తగిలి పేలిక ఊగేది, 'ప'కు ఊగేది కాదు. ఒకరోజు దాన్ని నా ముందు పట్టింది.

"నువ్వు 'ఖ' అను."

అన్నాను. అదీ ఊగలేదు.

"నాకు రావు మేడమ్. 'మీ కులపోళ్ల ఇండ్లల్ల నాలుకలకు ఒత్తులు రావురా' అని మా తెలుగు సారు బడిలనే చెప్పిండు."

"ఆయన నీకు కాగితం పట్టి చూపించాడా?"

"లేదు."

"మరి నాలుకనెందుకు తిట్టాడు?"

సైటు పని చేస్తూనే కులం మీద ఎన్నో వ్యాసాలు రాసిన నాకు ఆ ప్రశ్న అంతవరకూ తట్టలేదు. సారు చెప్పింది అబద్ధమని వాటిలో వాదించాను గాని, లోపల నమ్ముతూనే ఉన్నాను.

రెండో డ్రిల్లు రోజు లాన్ మైకు పట్టుకుని గుండె నిండా గాలి పీల్చింది. "ఫావ్!" పనివాళ్లంతా గేటు వైపు ఉరికారు. వెనకే మేనేజరూ ఉరికాడు. లాన్ మెట్ల మీద కూలబడి, హెల్మెట్ తీసి, ఇక్కడి అరబ్బీ ఊతపదంతో "యల్లా, ఉద్యోగం ఉంది" అంది. ఆమెకంటే నాకే మనసు ఎక్కువ తేలికైంది.

ఇప్పుడు సభల్లో ఎవరైనా "మంచి ఉచ్చారణ పుట్టుకతో రావాలండీ" అంటే నేను కోపంతో ఊగిపోను. "నేర్పి చూశారా?" అని అడుగుతాను. ఇంతవరకు ఔనన్నవారు లేరు.