దసరా ఇనాం అని రాయనందుకు

కంఠేశ్వర్‌లో మా ఇల్లు పై అంతస్తు. కింద దుకాణానికి అద్దెకిచ్చాం. గేటు దగ్గరి నుంచి వంటింటి గుమ్మం దాకా ఇరవై ఒక్క మెట్లు. మూడేళ్ళ కింద నా భార్యకు మోకాలి ఆపరేషన్ అయ్యేవరకు ఆ మెట్లను నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. అప్పటికింకా పత్రికలో డెస్కు పని. తెల్లవారుజామున ఇల్లు చేరి పడుకునేవాణ్ణి. చెత్త బండి పాట నాకు నిద్రలో వినపడేది, అంతే.

తడి చెత్త బుట్ట ఒక చేత్తో, పొడి చెత్త బుట్ట ఒక చేత్తో పట్టుకొని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించుకుంటూ నా భార్య దిగడం బండి వెంట వచ్చే ఆమె చూసిందట. "అమ్మా, దిగకుండ్రి. ఆడనే పెట్టుండ్రి, నేనొస్త" అని కేకేసి తానే ఎక్కివచ్చింది. ఆ రోజు నుంచి రోజూ ఎక్కింది. మోకాలు నయమైంది, నేను రిటైరై పొద్దున్నే లేచి పేపర్లు ముందేసుకొని కూర్చోవడం మొదలైంది, అయినా ఆమె ఎక్కడం మానలేదు. మానమని నేనూ అనలేదు. బుట్టలు కిందికి తేవడానికి నా కాళ్ళకే రోగమూ లేదు. ఈ మాట ఇక్కడే చెప్పెయ్యాలి.

ఆమెకు నలభై దాటి ఉంటాయి. బండ్లు నడిపించే కాంట్రాక్టరు కింద పని. పొద్దున ఆరింటికి బండెక్కితే పదకొండుకు దిగుతుంది. ఇల్లు రైలు కట్ట అవతల. ఇంట్లో అత్త, పక్షవాతంతో మంచం మీద. తనంతట తాను పక్కకు తిరగలేదు. పొద్దున జావ తాగించి వస్తే మళ్ళీ పదకొండున్నరకు ఈమె పోయి తిప్పాలి, బట్ట మార్చాలి. ఒకసారి మెట్ల మీద నిలబడి నీళ్ళు తాగుతూ నాతో అన్నది: "జీతం ఎక్కువిస్తమని దవాఖానల పనికి పిలిచిండ్రు సార్. పొద్దుగాల పోతె రాత్రికి వచ్చుడట. పోలే. ఆ పదకొండు గంటల కోసమే ఈ బండి పట్టుకొని ఉన్న."

నెలకు వంద రూపాయలు ఇవ్వడం నా భార్య మొదలుపెట్టింది. నాకు తెలిశాక అడ్డుపడ్డాను. "జీతం లేదా ఆమెకు?"

"జీతం చెత్తకు. మెట్లకు ఎవలిస్తున్నరు?"

తర్వాతి నెల నుంచి నేనే ఇవ్వడం మొదలుపెట్టాను. ఇలాంటి విషయాల్లో నాకు మొదటినుంచీ కొంత పట్టింపు ఉంది. బోధన్‌లో కుర్ర విలేకరిగా ఉన్నప్పుడు దసరా వస్తే చాలు, ఇంటింటికీ ఇనాం అడుగుతున్నారని పారిశుద్ధ్య కార్మికుల మీద సింగిల్ కాలం వార్త పంపేవాణ్ణి. డెస్కువాళ్ళు ప్రతి ఏడూ వేసేవాళ్ళు. అదే దసరాకు ప్రెస్ మీట్లలో మా చేతికి సంచులొచ్చేవి. గోడగడియారాలు, మిఠాయి డబ్బాలు, కొన్నిసార్లు కవర్లు. కొన్ని తిప్పి పంపాను, కొన్ని పంపలేదు. వాటి మీద వార్త రాయాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

మా ఊళ్ళో ఎవరు ఎవరికి చేతిలో పెడతారో చూస్తే నాకు చిరాకు పుడుతుంది. గ్యాస్ బండ తెచ్చే అతనికి బిల్లు మీద ఎంతో కొంత అందరం ఇస్తాం, ఇవ్వకపోతే గేటు దగ్గరే దింపి పోతాడు. లైన్‌మన్‌కు ఇస్తాం, పోయిన కరెంటు రావాలి కాబట్టి. ఆపగలిగినవాడికి అడక్కుండానే ఇస్తాం. చెత్త ఎత్తే మనిషి దగ్గరికి వచ్చేసరికి నీతి గుర్తొస్తుంది. అలవాటు చెయ్యొద్దు, జీతాలున్నాయి, చెడిపోతారు. చెడిపోయేది ఎప్పుడూ వాళ్ళే.

మా పక్కింటాయనా ఇదే చెప్పేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. వాళ్ళ నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద పొలం కొన్నారు. ఈయనిప్పుడు పట్నంలో ఉంటూ వారానికి రెండుసార్లు బైకు మీద పొలానికి పోయివస్తాడు. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి ముఠాలొస్తాయి. తన తోట ముందు కొట్టడానికి వాళ్ళకు కూలి గాక పైన కొంత ఇస్తాడు. దాన్ని వాళ్ళు ఖుషాలీ అంటారు. ఖుషాలీ ఎంత, విందుకిచ్చిన మేక ఏపాటిది అన్నది నాకు నవ్వుతూ వర్ణించి చెప్పేవాడు.

పోయిన వానాకాలం ఆయన బాత్‌రూం కొత్తగా కట్టించుకున్నాడు. పగిలిన టైల్స్ ఒక బస్తాలో నింపి బండి దగ్గరికి ఈడ్చుకొచ్చాడు. ఆమె ఎత్తలేదు.

"అన్నా, గిది తీస్కోం. గిది ఏస్తె ఆడ బండి తూకం కాడ నన్ను తిడ్తరు. ట్రాక్టరోన్కి చెప్పుండ్రి."

"వాళ్ళింటికైతే పైకెక్కి మరీ తెస్తావు. డబ్బులిస్తున్నారనేగా?"

"మీరు గూడ ముసలోల్లు గాండ్రి, మీ ఇంటికీ ఎక్కుత" అన్నది. బండి డ్రైవర్ పకపక నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

ఆ శ్రావణమాసం మొదటివారంలో, గేటు దగ్గర నేనామెకు వంద నోటిస్తుండగా ఆయన తన వరండాలోంచి ఫోన్‌లో తీశాడు. మధ్యాహ్నానికి ఆ వీడియో మా గల్లీ వాట్సాప్ గ్రూపులో ఉంది. 'చెత్త బండి వసూళ్ళు' అని కింద ఒక మాట. నా ముఖం కనపడదు. నా బనియను, చెయ్యి, ఆమె ముఖం స్పష్టంగా కనపడతాయి. సాయంత్రానికి అది కాంట్రాక్టరు ఆఫీసుకు చేరింది.

మర్నాడు సూపర్‌వైజర్ వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. చెప్పులు విడిచి లోపలికొచ్చి చాయ్ తాగాడు.

"సార్, మీకు తెల్వంది కాదు. ఆఫీసుల వీడియో చూసిండ్రు. మీరొక్క ముక్క రాసియ్యుండ్రి, దసరా ఇనాం ఇచ్చిన అని. ఇనాంకు ఎవలు ఏమనరు. మా ఓనరే ఇస్తడు."

"ఇది శ్రావణం కదా?"

"వీడియోల తారీకు లేదు సార్. కాయితం మీద నెల ఎవలు జూస్తరు?"

"లేకపోతే ఏం చేస్తారు?"

"బండి దించి యార్డుకు పంపుతరు. ఊరవతల చెత్త ఏరుడు. ఎనిమిదింటికెళ్ళి ఐదింటి దాక."

ఏం జరగబోతుందో అతను ఇంత విప్పి చెప్పాడు. ఎలా ఆపాలో కూడా చెప్పాడు. నేను మాత్రం, "అబద్ధం ఎందుకయ్యా, జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆమె అడగలేదు, నేనిచ్చాను. అందులో తప్పేముంది?" అన్నాను. అతను "మీ ఇష్టం సార్" అని గ్లాసు కింద పెట్టాడు.

ముప్పై ఏళ్ళు వార్తలు దిద్దినవాణ్ణి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎంత అన్నవి లేని కాపీ నా బల్ల దాటి పోలేదు. నా కాగితం ఒకటిన్నర పేజీ వచ్చింది. ఫలానా ఏడు నుంచి, ప్రతి నెలా మొదటివారం, వంద రూపాయలు, పై అంతస్తు వరకు ఎక్కి బుట్టలు తెచ్చినందుకు, నా ఇష్టపూర్తిగా. చివర, ఇలాంటి పని చేసేవాళ్ళ పట్ల సమాజం ఎలా ఉండాలో ఒక పేరా. ఆ పేరా రాస్తున్నప్పుడు నాకు సంతోషంగా ఉండింది. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

నా భార్య చదివి తిరిగిచ్చింది. "గిది ఆమెను ఇడిపిచ్చేటట్టు లేదు, పట్టిచ్చేటట్టున్నది."

"అన్నీ నిజాలే కదా."

"నిజం కాదని నేనన్ననా?"

ఆ కాగితాన్నే ఆఫీసుకు పంపాను. నాలుగో రోజు బండి వెంట కొత్త మనిషి వచ్చాడు. గేటు దాటి అడుగు లోపల పెట్టలేదు. "పైకి రానీకి మాకు ఆర్డర్ లేదు సార్" అన్నాడు. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను.

"మీ కాయితంల అంత సాఫ్‌గ ఉన్నది సార్. నెల నెల తీస్కున్నది, బండి ఇడిసిపెట్టి ఇంట్లకు పోయింది. మా సారు వేరే ఎంక్వైరీ అక్కరలేదన్నడు."

ఆఫీసుకు పోయాను. అక్కడి మేనేజరు నా కాగితాన్నే నా ముందు పెట్టాడు. ఆయన గీతలు గీసిన చోట్లు చూస్తే, నేను మంచి రిపోర్టులో గీసేవి అవే. నా వాదన ఏదీ నా కాగితం ముందు నిలబడలేదు.

అక్కడి నుంచి నేరుగా పక్కింటాయన దగ్గరికి పోయాను. గట్టిగానే మాట్లాడాను.

"అయ్యయ్యో, పనిలోంచి మార్చమని నేనన్నానాండీ? కాస్త మందలిస్తారనుకున్నా" అన్నాడు. నిజంగానే ముఖం వాడిపోయింది.

"మీ చెరుకు ముఠాకు ఖుషాలీ ఇస్తారు. అప్పుడు ఎవరైనా వీడియో తీశారా?"

"అదివ్వకపోతే తోట ఎండిపోద్దండీ. అది వేరు, ఇది వేరు."

"ఎలా వేరు?"

మర్నాడు ఆయనే ఆఫీసుకు పోయి, పొరపాటున పెట్టానని చెప్పివచ్చాడు. వాళ్ళు ఆయనకూ నా కాగితమే చూపించారట. "మీరు బాగా రాశారండీ. కానీ అంత రాయక్కర్లేదేమో" అన్నాడు. నాకు కోపం చేసుకోవడానికి ఆ మనిషి కూడా మిగల్లేదు.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం, అయిదు వందలు జేబులో పెట్టుకొని ఆమె ఇంటికి పోయాను. ఒకటే గది, ముందు నీడకు రేకుల సాయబాను. గోడకు చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు. అప్పుడే యార్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నది. క్రిస్మస్‌కు మా ఇంటికి స్టీలు డబ్బాలో కేకు తెచ్చే మనిషి, నన్ను చూసి కుర్చీ కోసం అటూ ఇటూ వెతికింది. మంచం మీద ముసలామె గోడ వైపు తిరిగి ఉన్నది.

"పొద్దున్నుంచి గట్లనే ఉన్నది సార్. పక్కింటామె మధ్యాన్నం తిప్పుతనన్నది. ఆమెకు ఏం పనిపడ్డదో. ఈపు ఎర్రగయింది, జూడుండ్రి" అని బట్ట కొంచెం పక్కకు జరిపింది. అరచేతంత మేర కమిలి ఉంది. చూడలేకపోయాను.

తప్పయిందని చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని కూర్చున్నాను.

"సూపర్‌వైజర్ సార్ ఇనాం అని రాయమన్నడట గద?"

"అన్నాడు."

"దసరాకు మీరు ఇయ్యలేదా? ఇచ్చిండ్రు గద, రెండేండ్లు?"

ఇచ్చాను. ఆమె పండుగ కాకపోయినా దసరాకు అందరితోపాటు ఆమెకూ ఇచ్చాను. ఒకటిన్నర పేజీలో ఆ సంగతి ఎక్కడా రాయలేదు. అడిగిన సంఘటనకు సంబంధం లేదని వదిలేశాను.

"అయితే ఇప్పుడు రాసియ్యుండ్రి" అని ఒక నోటుబుక్కు తెచ్చి మధ్యలోంచి కాగితం చింపింది. పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. నేను మోకాలి మీద పెట్టుకొని రాసి ఆమెకిచ్చాను. వేలు పెట్టుకొని చదివింది.

"వయోభారం వల్ల అని ఎందుకు రాసిండ్రు?"

"మొన్న పొరపాటు రాశానని చెప్పడానికి."

"మీకు మతి లేదంటె, ఈ కాయితం గూడ మతిలేకనే రాసిండు అంటరు. తీసెయ్యుండ్రి."

తీసేశాను. దాని కింద రెండు వాక్యాలుంటే అవీ చూపించి, "గివెందుకు? మంచిమనిషి అని మీరు రాస్తె మీకు నాకు ఏందో దోస్తీ ఉన్నదనుకుంటరు" అన్నది. అవీ కొట్టేసి కొత్త కాగితం మీద రాశాను. దసరాకు ఇనాం ఇచ్చాను. నెలనెలా అని రాసింది నా పొరపాటు. రెండు వాక్యాలు, ఒకటి నిజం, ఒకటి అబద్ధం. సంతకం పెట్టాను. ఇన్నేళ్ళలో నా కాపీని అంత పొదుపుగా దిద్దినవాళ్ళు లేరు.

"రేపు పొద్దుగాల నేనే ఇస్త. మీరు ఆఫీసుకు రావద్దు సార్."

లేచి జేబులోంచి నోటు తీశాను. ఆమె గుమ్మం వైపు చూసింది.

"ఇయ్యాల వద్దు. వద్దని కాదు, అక్కర ఉన్నది. కాయితం, పైసలు ఒక్కనాడే అయితె మళ్ల అదొకటి అంటరు. మీరు బయటికి నడువుండ్రి, అత్తకు బట్ట మార్చాలె."

బయట నిలబడి నోటు మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

ఆమెను తిరిగి బండెక్కించడానికి నెల దాటింది. మా గల్లీ బండి కాదు, బోధన్ రోడ్డు వైపు పోయేది. పన్నెండుకల్లా ఇల్లు చేరుతుందని సూపర్‌వైజర్ ఫోన్‌లో చెప్పాడు. అత్త వీపు ఎలా ఉందని అడిగితే, తనకు తెలియదన్నాడు.